కోసిగిలో ఎంచిన గిటారు

మిల్లు తెరిచేదాకా మాత్రమే అన్నాడు మా ఆయన. తెరిచిన రోజున గిటారు ఎవరిది వాళ్ళకు ఇచ్చేసి ఇంటి పట్టున ఉండాలన్నాడు. సరేనని మాట ఇచ్చాను. అప్పుడు పాప నా ఒళ్ళో పాలు తాగుతోంది. మా అత్త సారమ్మ గడప పక్కన కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. ఆమె తలెత్తకుండానే, "నేనూ ఇన్నాను" అంది.

అది ఎనభై నాలుగో సంవత్సరం. ఆదోనిలో మా ఆయన యేసేపు పనిచేసే నూలు మిల్లుకు జనవరిలో తాళం వేశారు. రెండు నెలలు ఎట్లాగో నెట్టాం. మూడో నెలకు ఇంట్లో డబ్బాల అడుగులు కనిపించసాగాయి. నేను మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివాను. తొమ్మిదిలో చేరిన మూడు నెలలకే పెళ్ళి చేశారు. ఆ చదువులో నాకు మిగిలింది గిటారు వాయించడం ఒక్కటే. ఆదివారాలు చర్చిలో వాయించేదాన్ని. ఎమ్మిగనూరులో టెంటు హౌసు పెట్టుకుని ఆర్కెస్ట్రా కూడా నడిపే దేవేంద్రప్ప ఒకసారి మా చర్చికి షామియానా వేయడానికి వచ్చి నా వాయింపు విన్నాడు. తన దగ్గర గిటారు వాయించే మనిషి బెంగళూరు వెళ్ళిపోయాడనీ, ఈ పెళ్ళిళ్ళ కాలానికి నన్ను రమ్మనీ అడిగాడు. ఆడమనిషి గిటారు పట్టుకుంటే చూడడానికైనా జనం నిలబడతారని కూడా అన్నాడు. ఆ చివరి మాట మా ఆయన ముందర అనకుండా ఉండాల్సింది.

అందుకే ఆ షరతు.

ఎండలు ముదిరే కొద్దీ నాకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. మా ఆయన రోజూ పొద్దున్నే మిల్లు గేటు ముందర కార్మికులు వేసిన ధర్నా టెంటుకు వెళ్ళి కూర్చుని, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. ఆయన సందు మలుపు తిరగగానే నేను మొదట ముఖం చూసేదాన్ని. యజమానితో చర్చలు మళ్ళీ చెడిపోయాయని ఆ ముఖం చెబితే నా గుండె కుదుటపడేది. కుదుటపడినందుకు వెంటనే సిగ్గేసేది. నూట యాభై ఇళ్ళలో పొయ్యిలు ఒక్క పూటే వెలుగుతున్నాయి, నాకేమో ఇంకో వారం దొరికిందని సంబరం. ఆదివారం పాస్టరుగారు మిల్లు తెరవాలని ప్రార్థన చేసేవారు. చర్చి అంతా ఆమేన్ అనేది. నేను పెదవులు కదిపేదాన్ని. శబ్దం వచ్చేది కాదు. పక్కన మా అత్త ఉండేది. ఆమెకు తెలుసని నాకు తెలుసు.

ఏప్రిల్ చివర ఆస్పరిలో ఒక పెళ్ళికి వెళ్ళాం. నా చేతిలో ఉన్నది చర్చి వాళ్ళు ఇచ్చిన పాత గిటారు, లోపల బోలుగా ఉండేది. దాని తీగల కింద దేవేంద్రప్ప, శబ్దాన్ని స్పీకరుకు పంపే పికప్ ఒకటి పెట్టి టేపుతో అతికించాడు. సౌండు కొంచెం పెంచితే చాలు, స్పీకరు పెట్టెలోంచి వచ్చిన శబ్దమే తిరిగి గిటారు కడుపులో దూరి ఊళ పెట్టేది. ఆ రోజు భోజనాల వేళ, పందిరి నిండా జనం ఉండగా, పాట మధ్యలో అదే జరిగింది. చేత్తో తీగలు అదిమి పట్టినా ఆగలేదు. స్టేజీ వెనక మా ఆయన భుజం మీద నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి కెవ్వుమంది. ఆ ఏడుపు విన్నంతనే పాలతో నా రవిక తడిసిపోయింది. గిటారు అడ్డం ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ జనంలో నేను ఏమై పోయేదాన్నో.

పెళ్ళికూతురి తండ్రి విస్తరి ముందు నుంచే కేకేశాడు. "ఏంది దేవేంద్రప్పా, పాటకు కుక్కను గూడా తోడు తెచ్చినావా?"

పందిరంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పాపను తెచ్చి నా చేతికిచ్చి, గిటారు తీసుకుని గోడకు ఆనించాడు. ఆయన అంత జాగ్రత్తగా దాన్ని ఆనించడం చూస్తే తిట్టినా బాగుండుననిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో దేవేంద్రప్ప విషయం చెప్పాడు. మే నెల మధ్యలో ఎమ్మిగనూరులో ఒక బట్టల వ్యాపారి ఇంట పెళ్ళి ఉంది. పొద్దున దేవుడి పాటలు, మధ్యాహ్నం సినిమా పాటలు, సాయంత్రం మగపెళ్ళి వాళ్ళ కోసం కన్నడ పాటలు. వాళ్ళు బళ్ళారి వాళ్ళు. మూడు పూటలకూ మూడు రకాల గొంతు కావాలి, ఊళ మాత్రం వినిపించకూడదు. ఈసారి మంచి గిటారు కొంటానన్నాడు, ఒక్కటే అయినా అన్నిటికీ పనికొచ్చేది. కోసిగిలో బజారి అనే అతని దగ్గర రెండు ఉన్నాయట. బొంబాయికి కూలికి పోయి, అక్కడ గిటార్లు చేసే కార్ఖానాలో పదిహేనేళ్ళు చెక్క నున్నగా రుద్ది, పని పూర్తిగా నేర్చుకుని, అక్కడి గాలి పడక ఇంటికి తిరిగి వచ్చేశాడట.

"నాకు వైర్లు తగిలించేది తెలుసు గానీ గిటారు మంచీ చెడ్డా తెలీదు. నువ్వే ఎంచాల" అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగి రెండు గిటార్లు పట్టుకున్నాను, ఒకటి హాస్టలుది, ఒకటి చర్చిది. ఆ మాట అతనికి చెప్పలేదు.

కోసిగికి బయలుదేరే రోజు పాపను చూసుకోమని మా అత్తను అడిగాను. ఏడు నెలల పిల్ల, ఇంకా పూర్తిగా నా పాల మీదే ఉంది. మా అత్త పొయ్యి ముందు నుంచి లేవకుండా, "ఇడిసిపెట్టి పోమ్మా. పాలు పోస్టులో పంపుదువు" అంది. దాంతో మా ఆయన చొక్కా వేసుకుని పాపను ఎత్తుకున్నాడు. ఆ రోజు ఆయన టెంటుకు వెళ్ళలేదు. మిల్లు మూతపడ్డాక, పెళ్ళిళ్ళకు నా వెంట వచ్చిన రోజులు తప్ప, వెళ్ళకపోవడం అదే మొదటిసారి.

పాసింజరు దిగి, దేవేంద్రప్పతో కలిసి బజారి ఇల్లు చేరేసరికి పది దాటింది. వీధి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు మొదట నన్ను చూశారు, తర్వాత పాపను ఎత్తుకున్న మా ఆయనను చూశారు, చూపు అక్కడే ఆగింది. బజారి నలభై ఏళ్ళ మనిషి, బక్కగా, ప్రతి నాలుగు మాటలకూ దగ్గుతూ ఉన్నాడు. నాపరాళ్ళ కప్పు కింద దుప్పటి పరిచి రెండు గిటార్లూ పెట్టాడు. పెట్టి, కరెంటు తెల్లవారుజామునే పోయిందని చెప్పాడు.

కరెంటు గిటారు కొనడానికి వచ్చాం, కరెంటు లేదు. తిరుగు పాసింజరు సాయంత్రం నాలుగున్నరకు. దేవేంద్రప్ప గొడుగు వేసుకుని వీధిలోకి వెళ్ళి, స్తంభం మీది తీగల వైపు కాసేపు చూసి, లోపలికి వచ్చి, ఉన్నదాంతో చూడమన్నాడు.

ఒకటి ఎర్రగా నిగనిగలాడుతోంది. పలచగా తేలిగ్గా ఉంది. పట్టుకోగానే మెడ నా గుప్పిట్లో ఒదిగిపోయింది, నా చేయి కొలత తీసుకుని చేసినట్టు. రెండోది చిక్కటి గోధుమరంగు. ఏ మెరుపూ లేదు. ఎత్తి దాని పట్టీ భుజానికి వేసుకుంటే నడుము దగ్గర ఏదో కలుక్కుమంది. కాన్పైన దగ్గర నుంచీ నా నడుము అంతంత మాత్రమే. మెడ వెడల్పుగా ఉంది. దాని మీద వేళ్ళు నొక్కే మెట్ల మధ్య దూరం ఎక్కువ. చర్చి గిటారు మీద కళ్ళు మూసుకుని తీగలు అదిమే పట్టు దీని మీద వేయబోతే చిటికెన వేలు అందలేదు.

లోపల బోలు లేని ఇట్లాంటి గిటారు కరెంటు లేకపోతే మూగది. తీగ మీటితే దోమ ఎగిరినంత శబ్దం. నేను ఎర్రదాని అంచుకు దవడ ఆనించి మీటాను. శబ్దం చెవిలోకి రాదు, ఎముకలోంచి వస్తుంది. బజారి దగ్గు ఆపుకుంటూ నన్నే చూశాడు.

"ఇది యాడ నేర్చినావమ్మా? బొంబాయిలో మేస్త్రీలు ఇట్లే ఇంటారు."

ఎవరూ నేర్పలేదన్నాను. హాస్టల్లో దీపాలు ఆర్పేశాక వార్డెనమ్మకు వినపడకుండా వాయించుకోవాలంటే దవడ ఆనించుకోవడమే దారి.

ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి చూశాను. ఎర్రదాంట్లో ఎక్కడా గరగర లేదు, శుభ్రంగా ఉంది. కాకపోతే మీటిన స్వరం ఎనిమిది లెక్కపెట్టేలోపే ఆరిపోతోంది. గోధుమరంగు దాన్ని దవడకు ఆనించి మందపు తీగ మీటాను. పన్ను జివ్వుమంది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాటినా అది ఇంకా ఉంది. పాప ఏడిస్తే లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి పాలిచ్చి వచ్చాను. తిరిగి మళ్ళీ అదే తీగ మీటాను. మళ్ళీ ఇరవై.

మధ్యాహ్నం రెండైనా కరెంటు రాలేదు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. మా ఆయన అరుగు మీద పాపకు గొడుగు పట్టి కూర్చున్నాడు. అటు పోతున్న ఒక రైతు ఆగి, "ఏమప్పా, నువ్వు ఆయమ్మకు అసిస్టెంటువా?" అని అడిగాడు. మా ఆయన, "ఔ. జీతమే ఇంకా మాట్లాడుకోలే" అన్నాడు. రైతు నవ్వుకుంటూ పోయాడు. లోపల నుంచి నాకు అంతా వినపడింది. ఆయన ఎప్పుడు తమాషాగా మాట్లాడతాడో, లోపల ఎంత మండుతూ ఉంటే మాట్లాడతాడో నాకు తెలుసు.

మూడు గంటలకు వీధి చివర సినిమా జట్కా వచ్చింది. రెండు వైపులా బొమ్మలు కట్టి, పైన హారను పెట్టి, లోపల లారీ బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయరు పెట్టుకుని, ఫస్టు షో గంటలు చెబుతూ పోయే జట్కా. దేవేంద్రప్ప గొడుగు కూడా మరిచిపోయి పరుగెత్తాడు. జట్కా అతను తెలిసినవాడేనట. పావుగంట మాత్రం ఇస్తాననీ, తన సినిమాకు జనం తక్కువైతే మీదే బాధ్యత అనీ ఒప్పుకున్నాడు. గిటారు వైరు చివర అతని యాంప్లిఫయరు రంధ్రంలో పట్టలేదు. బజారి పళ్ళతో వైరు తొక్క ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి రంధ్రాల్లో దోపి, రెండు అగ్గిపుల్లలు గుచ్చి బిగించాడు.

జట్కా పలక మీద కూర్చుని ముందు ఎర్రది వాయించాను. సినిమా పాట ఎత్తుకుంటే వీధి వీధంతా మోగిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు వచ్చి చక్రాలు పట్టుకుని నిలబడ్డారు. చర్చి పాట ఎత్తుకున్నాను. అదే గొంతు. మఠంలో పాడే కన్నడ పదం ఎత్తుకున్నాను. అదే గొంతు, తియ్యగా, సన్నగా, అన్నిటికీ ఒకేలా నవ్వే మనిషిలాగా.

అగ్గిపుల్లలు మార్చి గోధుమరంగు దాన్ని తగిలించాం. దాని మీద మూడు వైపులకు తిరిగే స్విచ్చి ఒకటి ఉంది. పైకి వేసి చర్చి పాట వాయించాను. ఇంట్లో పెద్దవాళ్ళు నోరు తెరవకుండా పాడుకున్నట్టు వచ్చింది, ఆ రేకు హారనులోంచి కూడా. మధ్యలో పెట్టి కన్నడ పదం వాయించాను. కిందికి వేసి సినిమా పాట ఎత్తుకుంటే పళ్ళెం మీద గరిటె కొట్టినంత కచ్చితంగా పలికింది. నా వేళ్ళు మాత్రం మూడు చోట్ల జారాయి. ఒక పట్టు అసలు పడనే లేదు.

ఎదురింట్లోంచి ఒక ముసలామె గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "మిగతా ఇద్దురూ యాడ?" అని అడిగింది. లోపల నుంచి విని ముగ్గురు వాయిస్తున్నారనుకుందట.

జట్కా వెళ్ళిపోయింది. మేము మళ్ళీ ఆ నాపరాళ్ళ కప్పు కిందికి వచ్చాం. రెండింటికీ ధరలో పెద్ద తేడా లేదని దేవేంద్రప్ప ముందే చెప్పాడు. ఇప్పుడు బజారి వైపు తిరిగి, ఈమె చేతికి ఏది లొంగుతుందని అడిగాడు. బజారి అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఎర్రది పది దినాల్లో చేతికొస్తాది. ఇది పాటకు వంగుతాది గానీ చేతికి వంగదు. సరిగ్గా రావాలంటే ఏడాది పడతాది."

దేవేంద్రప్ప మీసం దువ్వుకున్నాడు. "పెండ్లి పది దినాలుంది. ఆ దినం సెడిందంటే నేను బళ్ళారి నుంచి మనిషిని పిలిపిస్తా, గిటారు ఆ మనిషి చేతికి పోతాది. ముందే సెప్తాండా. యాది కావాలమ్మా మరి?"

ఎర్రది అనేస్తే సరిపోయేది. పది రోజుల్లో చేతికి వస్తుంది, పెళ్ళి గట్టెక్కుతుంది, మిల్లు ఎప్పుడు తెరిస్తే అప్పుడు తిరిగి ఇచ్చేయొచ్చు. ఇచ్చిన మాటకు సరిపడే గిటారు అది. మా ఆయన అరుగు మీద నుంచి లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాప ఆయన భుజం మీద నిద్రపోతోంది. వీపు మీద చిన్నగా తడుతున్నాడు.

"ఇది" అన్నాను గోధుమరంగు దాని మీద చేయి పెట్టి. "ఏడాది పట్టనీ అన్నా."

పాప వీపు మీద ఆయన చేయి ఆగింది. కొంతసేపటికి మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది.

రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. గిటారు పెట్టె మా ఇద్దరి మధ్య ఉంది. ఈసివి స్టేషను దాటింది, ఆదోని వచ్చింది. స్టేషను మెట్ల మీద నేను పెట్టె ఎత్తలేక ఆగితే, పాపను నా చేతికిచ్చి పెట్టె తాను ఎత్తుకున్నాడు. అప్పుడైనా ఇచ్చిన మాట ఏమైందని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

ఆ పది రోజులూ ఎట్లా గడిచాయో తలచుకుంటే ఇప్పటికీ చేతివేళ్ళు మంటపుడతాయి. పొద్దున నీళ్ళు పట్టి, వంట చేసి, పాపను ఉయ్యాలలో వేసి పెట్టె తెరిచేదాన్ని. పందిట్లో కుర్చీలో కూర్చునే వాయించాలని తేల్చుకున్నాను కాబట్టి ఇంట్లోనూ పీట మీద కూర్చుని, బరువంతా తొడ మీద మోపేదాన్ని. నాలుగో రోజుకు వేళ్ళ చివర్లు పగిలి రక్తం వచ్చింది. ఆ చేత్తోనే పాపను ఎత్తుకుంటే తెల్ల గౌను మీద చిన్న చిన్న మరకలు పడ్డాయి. మా అత్త ఆ గౌను ఉతుకుతూ గట్టిగా, బజారుకంతా వినపడేలా, తన కోడలు యుద్ధానికి పోతోందని చెప్పింది. ఇంకో గంటకు ఎవరినో అడిగి పసుపూ నూనే కలిపి తెచ్చి, పీట పక్కన పెట్టి వెళ్ళిపోయింది. పాలు తగ్గుతున్నాయేమోనని నాకు ఇంకో బెంగ. పాప ఒక పూట సరిగ్గా తాగకపోయినా, గిటారు వల్లేనని నిశ్చయించుకుని పెట్టె మూసేదాన్ని. రెండో పూట తాగితే మళ్ళీ తెరిచేదాన్ని.

మా ఆయన టెంటుకు వెళుతూనే ఉన్నాడు. చర్చలు కర్నూలులో జరుగుతున్నాయనీ, ఈసారి తేలేటట్టుందనీ అందరూ అనుకుంటున్నారు. ఆ విషయం నాకు ఆయన చెప్పలేదు, మా అత్తకు చెబుతుంటే విన్నాను.

పెళ్ళి రోజు ఎమ్మిగనూరులో పొద్దున ఆరు గంటలకే స్టేజీ ఎక్కాం. దేవుడి పాటలు సాఫీగా జరిగిపోయాయి. స్విచ్చి పైన పెట్టి, వేళ్ళు పెద్దగా చాచక్కర్లేని చోట్లే వాయించాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర సౌండు పూర్తిగా పెంచారు. నేను ఊపిరి బిగబట్టుకుని ఊళ కోసం ఎదురుచూశాను. రాలేదు. మొదటి పంక్తి వాళ్ళు తిని లేచారు, రెండో పంక్తి కూర్చుంది, రాలేదు. దేవేంద్రప్ప సౌండు మిక్సరు దగ్గర నుంచి నా వైపు చూసి ఒక్కసారి తల ఊపాడు. అతను మెచ్చుకోవడమంటే అంతే.

అసలు గండం సాయంత్రం ఉంది. కన్నడ పాటల్లో మూడోదానికి చూపుడు వేలితో ఆరు తీగలూ అడ్డంగా అదిమి పట్టాలి. పది రోజుల్లో ఆ పట్టు నాకు సగం సార్లే పడింది. మగపెళ్ళి వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. బళ్ళారిలో వాళ్ళు వినని ఆర్కెస్ట్రా లేదు. రెండో పాట అవుతుండగా పందిరి పక్క నుంచి ఒకతను గబగబా వచ్చాడు. మా ఆయనతో పాటు మిల్లులో పనిచేసే ఆదెప్ప. ఆదోని బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చంకలో సంచి ఉంది. స్టేజీ పక్కన పాపను ఎత్తుకుని నిలబడ్డ మా ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ ఏదో చెప్పాడు. నాకు మాటలు వినపడలేదు. వినపడక్కర్లేదు. ఆదెప్ప పాప బుగ్గలు గిల్లి, తన సంచిలోంచి బత్తాయి తీసి పాప చేతిలో పెట్టాడు.

మా ఆయన తలెత్తి నన్ను చూశాడు.

నేను చూపు దించి గిటారు మెట్ల వైపు చూసుకున్నాను. డోలక్ మొదలైంది. స్విచ్చి మధ్యకు వేశాను. చూపుడు వేలు అడ్డంగా వేసి, ఎముక తగిలేదాకా అదిమాను. పగిలిన చోట మళ్ళీ చిట్లింది. పట్టు పడింది. రెండోసారీ పడింది. మూడోసారి ఒక తీగ సరిగ్గా పలకలేదు, డోలక్ అతను కొంచెం గట్టిగా వాయించి దాన్ని కప్పేశాడు. పాట ముగిశాక ముందు వరసలో ఒక పెద్దాయన కన్నడంలో, అదే పాట ఇంకోసారి అన్నాడు. నేను చీర చెంగుతో తీగలు తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను.

తర్వాత సామాను సర్దుతున్నప్పుడు, జూన్ దాకా ఉన్న పెళ్ళిళ్ళ తేదీలు రాసిన కాగితం దేవేంద్రప్ప నా చేతికి ఇచ్చాడు. బళ్ళారి మనిషి మాట ఎత్తలేదు. ఆ కాగితం మడిచి పట్టుకుని వ్యాను ఎక్కాను. మా ఆయన పక్కన కూర్చుని, పాప తల మీదికి గాలి రాకుండా తుండు కప్పి, మిల్లు సోమవారం తెరుస్తారని చెప్పాడు.

"మంచిది" అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

సోమవారం పొద్దున మిల్లు కాడ టెంకాయలు కొట్టారట, ప్రార్థనలు చేశారట. మా సందులో మిఠాయిలు పంచారు. నేను గిటారు తీగలను నూనె గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, గడియ వేసి, ఎమ్మిగనూరు నుంచి ఎవరైనా వస్తే తీసుకుపోవడానికి వీలుగా గుమ్మం పక్కన నిలబెట్టాను. మాట ఇచ్చింది నేను. కోసిగిలో నోరు జారిందీ నేనే. ఆయన నోటితో అడిగించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మా ఆయన మాత్రం పగలంతా ఇంట్లోనే ఉన్నాడు. షిఫ్టులు వేస్తున్నారు, రాత్రికి వెళ్ళాలన్నాడు. కొత్తగా తెరిచారు కదా, ముందు వెనకలు ఉంటాయిలే అనుకున్నాను. అన్నం తిని వెళ్ళాడు.

మంగళవారం పొద్దున మా అత్త కొళాయి దగ్గర నుంచి బిందె తెచ్చి, దించిన దించడంలోనే నీళ్ళు సగం ఒలకబోసింది. ఆదెప్ప పెండ్లాం చెప్పిందట. పదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళను పేరు పేరునా పిలిచి ఏ షిఫ్టు కావాలని అడిగారట. అందరూ మొదటిదే కోరుకున్నారు. ఆదెప్ప కూడా.

"నా కొడుకు మూడోది అడిగి రాయించుకున్నాడంట" అంది మా అత్త. "అది కొత్తగా చేరినోళ్ళకు పడేసే షిఫ్టు. రాత్రి పన్నెండుకు పోయి ఎనిమిదికి రావాల. ఎవురన్నా అడిగి తీసుకుంటారా?"

ఆమె నా వైపు చూసింది. నేను గుమ్మం పక్కనున్న పెట్టె వైపు చూశాను. ఆమె కూడా అటే చూసి, మిగిలిన నీళ్ళు తొట్టిలో పోసింది.

ఎనిమిదిన్నరకు ఆయన వచ్చాడు. తల మీదా కనుబొమల మీదా నూలు దుమ్ము. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగుపెట్టబోయి పెట్టెకు తట్టుకున్నాడు. దాన్ని రెండు చేతులా ఎత్తి, లోపలికి తెచ్చి, మంచం కింద పాప గుడ్డల మూట పక్కకు జరిపి అక్కడ పెట్టాడు.

నేను సంగటి పెట్టాను. తినడం అయ్యేదాకా ఆగి, మొదటి షిఫ్టు ఇయ్యలేదా అని అడిగాను.

"ఇచ్చిరి" అన్నాడు.

పాపను పక్కలో వేసుకుని పడుకున్నాడు. అది ఆయన జుట్టులో నూలు పోగులు పీకుతోంది. నిద్రలోకి జారిపోయాడనుకుని గిన్నెలు తీస్తున్నాను.

"శుక్రవారం పెండ్లికి బండి ఎన్నింటికి?"

"మధ్యాహ్నం మూడింటికి."

ఆయన గోడ వైపు తిరిగి, పాప చేతులు తన చేతిలోకి తీసుకున్నాడు.

"రెండున్నరకు లేపు" అన్నాడు.